నష్టాన్ని లెక్కగట్టే వృత్తి

"సర్వేయరు పనిలో చేరుతున్నాను" అని ఇంట్లో చెప్పిన రోజున మా నాయనమ్మ, "డిగ్రీ దాకా చదివించింది పొలాల్లో గొలుసు లాగడానికట్రా?" అంది. ఆవిడ తప్పేమీ లేదు. మన పల్లెల్లో సర్వేయరంటే గొలుసు పట్టుకుని, గట్ల వెంబడి నడిచి, సరిహద్దు రాళ్ళు చూపించే ఉద్యోగే. నేను చేరింది ఇన్సూరెన్సు సర్వేలో. ఆ పని చేసేవాడికి చట్టం పెట్టిన పూర్తి పేరు "సర్వేయర్ అండ్ లాస్ అసెసర్". అంటే జరిగిన నష్టాన్ని కళ్ళారా చూసి, లెక్కగట్టి, పాలసీ ప్రకారం ఎంత ఇవ్వడం న్యాయమో రాసిపెట్టేవాడన్నమాట. ఈ సంగతి మా నాయనమ్మకు విడమరచి చెప్పేసరికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఈ కాలేజీ పాత విద్యార్థిని కాబట్టి వార్షిక సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. నాకు బాగా తెలిసింది ఈ ఒక్క విషయమే కనక ఇదే రాస్తానన్నాను. డిగ్రీ అయ్యాక ఏం చేస్తావని ఎవరినడిగినా బ్యాంకు, గ్రూపు పరీక్షలు, సాఫ్ట్‌వేరు, లేకపోతే అమెరికా అంటున్నారు. ఇన్సూరెన్సు క్లెయిముల వైపు వెళతానన్న కుర్రవాడు గాని, అమ్మాయి గాని నాకింతవరకు తారసపడలేదు. అలాంటి దారి ఒకటుందని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేకపోవడమే దానికి కారణం అనుకుంటాను.

క్లెయిము అంటే ఏమిటి?

బీమా అనేది ముందుగా డబ్బు పుచ్చుకుని ఇచ్చే ఒక మాట. "నువ్వు ఏడాదికి ఇంత ప్రీమియం కట్టు. ఫలానా ఆపదలు వస్తే నష్టం నేను భరిస్తాను" అని కంపెనీ అంటుంది. ఆపద రానంతకాలం అది బీరువాలో పడి ఉండే కాగితం. ఆపద వచ్చిననాడు ఆ మాట నిలబెట్టుకోమని అడగడమే క్లెయిము. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. నష్టపోయినవాడికి తన నష్టం పెద్దదిగా కనిపిస్తుంది. డబ్బు ఇవ్వవలసినవాడికి అదే చిన్నదిగా కనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడకపోయినా లెక్కలు కలవవు. అందుకని మూడో మనిషి కావలసి వస్తాడు.

ఆ మూడో మనిషిని మన చట్టమే ఏర్పాటు చేసింది. 1938 నాటి ఇన్సూరెన్సు చట్టానికి 1968లో చేసిన సవరణ వల్ల 64 యు.ఎం. అనే సెక్షను వచ్చింది. దాని ప్రకారం ఒక పరిమితి దాటిన నష్టమైతే లైసెన్సు గల సర్వేయరు రిపోర్టు లేనిదే కంపెనీ మామూలుగా క్లెయిము చెల్లించరాదు. ఆ పరిమితి చాలాకాలం 20,000 రూపాయలుగా ఉండేది. ఇప్పుడు మోటారు వాహనాలకు 50,000, మిగతావాటికి 1,00,000 రూపాయలు. జీవిత బీమాకు ఈ సర్వే గొడవ లేదు. అక్కడ చూసేది వేరు, దాని సంగతి చివర చెబుతాను.

ఇంగ్లండు, అమెరికాల్లో ఇదే పనివాణ్ణి "అడ్జస్టరు" అంటారు. అమెరికాలో కంపెనీ తరఫున వచ్చే అడ్జస్టర్లు వేరు, నష్టపోయినవాడు తన ఖర్చుతో పెట్టుకునే పబ్లిక్ అడ్జస్టర్లు వేరు. మన దేశంలో సర్వేయరును పంపేదీ, ఫీజు ఇచ్చేదీ కంపెనీయే. అయినా అతను కంపెనీ నౌకరు కాడు. అతని లైసెన్సు కంపెనీ ఇచ్చింది కాదు, తీసేసే అధికారమూ కంపెనీకి లేదు. ఈ రెండు ముక్కలూ కలిపి అర్థం చేసుకుంటే ఈ వృత్తిలోని గౌరవమూ, ఇరకాటమూ రెండూ తెలిసిపోతాయి.

1973 జనవరి 1 నుంచి దేశంలోని 107 జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలు నాలుగు ప్రభుత్వ కంపెనీల కిందికి వచ్చాయి. కలకత్తాలో నేషనల్, బొంబాయిలో న్యూ ఇండియా, ఢిల్లీలో ఓరియంటల్, మద్రాసులో యునైటెడ్ ఇండియా. 1999 చట్టంతో మళ్ళీ ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచి, అందరి మీదా అజమాయిషీకి ఒక సంస్థను పెట్టారు. ఇప్పుడు ఐ.ఆర్.డి.ఎ.ఐ. అంటున్నది దాన్నే. దాని ప్రధాన కార్యాలయం 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాదుకు వచ్చింది. సర్వేయర్ల సంస్థ ఐ.ఐ.ఐ.ఎస్.ఎల్.ఎ. కూడా హైదరాబాదులోనే ఉంది. దేశమంతటికీ వర్తించే క్లెయిముల నియమాలు మన గుమ్మం ముందే తయారవుతుంటే మనకు ఆ ఊసే లేదు.

ఒక బట్టల కొట్టు కాలిపోయింది

పని ఎలా జరుగుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ తీసుకుంటాను. నేను చూసిన అనేక కేసుల్ని కలిపి అల్లింది. లెక్క సులువుగా ఉండటానికి అంకెలు గుండ్రంగా వేశాను.

ఒక పట్నంలో బట్టల కొట్టు. రాత్రి పదకొండు గంటలప్పుడు అంటుకుంది. ఫైరింజను వచ్చి ఆర్పేసరికి సగం సరుకు బూడిద. మర్నాడు యజమాని కంపెనీకి తెలియజేశాడు. కంపెనీ సర్వేయరును పంపింది.

సర్వేయరు వెళ్ళగానే చేసే మొదటి పని లెక్కలు కాదు. చూడటం. ఏ మూల ఎక్కువ కాలింది? మెయిన్ బోర్డు ఎలా ఉంది? గోడ మీద మసి ఎంత ఎత్తున ఉంది? తలుపు తాళాలు పగిలాయా, ఫైరింజను వాళ్ళే పగలగొట్టారా? శిథిలాలు తీసెయ్యకముందే ఫోటోలు తియ్యాలి. తరవాత ఫైరు డిపార్టుమెంటు రిపోర్టు, పోలీసు పంచనామా, విద్యుత్తు శాఖవారి కాగితం, ఇవన్నీ పోగెయ్యాలి.

ఆ తరవాత తనను తాను కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. నష్టం జరిగిన రోజుకు పాలసీ అమలులో ఉందా? కాలిన సరుకు పాలసీలో ఉందా, అదే చిరునామాలో ఉందా? వచ్చిన ఆపద పాలసీ ఒప్పుకున్నదేనా? ఆ సరుకులో ఈ మనిషికి హక్కున్నదా, లేక వేరేవాళ్ళది దాచి పెట్టాడా? ఇన్నిటికీ జవాబు దొరికాక గాని "ఎంత?" అన్న ప్రశ్నకు రాకూడదు.

కాలిపోయిన బట్టను ఎలా లెక్కపెడతారని మీరడగవచ్చు. బూడిదను లెక్కపెట్టలేం గాని ఖాతా పుస్తకాలను లెక్కపెట్టవచ్చు. సంవత్సరం మొదట్లో సరుకు 14 లక్షలు. ప్రమాదం నాటికి కొన్నది 46 లక్షలు. రెండూ కలిపి 60 లక్షలు. అమ్మకాలు 50 లక్షలు. వీటిలో లాభం నూటికి 20 చొప్పున తీసేస్తే అమ్మిన సరుకు ఖరీదు 40 లక్షలు. 60లోంచి 40 పోగా కొట్టులో ఉండవలసిన సరుకు 20 లక్షలు. మిగిలి ఉన్న మంచి సరుకును చేత్తో లెక్కపెడితే 12 లక్షలకు తేలింది. అంటే పోయింది 8 లక్షలు. కొన్ని తానులు పొగబట్టి, నీళ్ళకు తడిసి, చవకగా అమ్ముడుపోయేటట్టున్నాయి. వాటివల్ల 50,000 వస్తుంది. దీన్ని సాల్వేజి అంటారు. అది తీసేస్తే నికర నష్టం 7,50,000 రూపాయలు. బి.కాం. మొదటి సంవత్సరంలో మీరు చేసిన ట్రేడింగు అకౌంటుకు ఇంత ప్రాణం ఉందని అప్పుడు తెలియదు గదా!

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. పాలసీ చూస్తే బీమా చేసింది 12 లక్షలకే. 20 లక్షల సరుకుకు 12 లక్షల బీమా. ఇలాంటప్పుడు ఫైరు పాలసీలోని "యావరేజి" షరతు అడ్డువస్తుంది. 20లో 12 అంటే నూటికి 60. కాబట్టి నష్టంలోనూ నూటికి 60 వంతులే. 7,50,000కు 60 శాతం 4,50,000. అందులోంచి పాలసీదారు తానే భరించవలసిన ఎక్సెస్ తగ్గిస్తారు.

ఈ మాట చెప్పినప్పుడు కొట్టు యజమాని ముఖంలోకి చూడటం కష్టం. "ఏమండీ, పన్నెండు లక్షలకు ప్రీమియం కట్టించుకున్నారు గదా! పోయింది పన్నెండు లోపలే గదా! మరి నాలుగున్నరేమిటండీ?" అంటాడు. అతని వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. "మీరు మిగతా ఎనిమిది లక్షలకు బీమా చెయ్యలేదు. అంటే ఆ మేరకు బీమా కంపెనీ మీరే అయ్యారు. నష్టం వచ్చినప్పుడు ఆ వాటా మీ మీద పడుతుంది" అని చెప్పాలి. కూర్చోబెట్టి, కాగితం మీద వేసి, మెల్లిగా చెప్పాలి. చెప్పకుండా అంకె ఒక్కటే రాసి పంపిస్తే ఆ మనిషి తాను మోసపోయానని జీవితాంతం అనుకుంటాడు.

2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపారాలకు "భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష" అనే పాలసీ వచ్చింది. ఒక చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల దాకా దీని కిందికి వస్తుంది. తక్కువ బీమా నూటికి 15 లోపల ఉంటే ఇందులో యావరేజి వెయ్యరు. ఇళ్ళకు వచ్చిన "భారత్ గృహ రక్ష"లో అయితే యావరేజి ఊసే లేదు. మంచి మార్పే. కాని మన బట్టల కొట్టులో లోటు నూటికి 40. అతణ్ణి ఈ సడలింపు కూడా గట్టెక్కించదు. పాలసీ రాసిన రోజున ఎవరైనా అతని చేత సరుకు విలువ సరిగ్గా వేయించి ఉంటే ఈ గతి పట్టేది కాదు. క్లెయిములు చూసినవాడే పాలసీ విలువ తెలిసినవాడని మా సీనియరు అంటుండేవారు.

ఎన్ని రకాల పనులు?

సర్వేయరు లైసెన్సులో శాఖలుంటాయి. ఫైరు, మెరైన్ కార్గో, మెరైన్ హల్, ఇంజనీరింగు, మోటారు, మిసిలేనియస్, లాస్ ఆఫ్ ప్రాఫిట్, పంటల బీమా. మీ చదువును బట్టి శాఖలు ఇస్తారు.

అందరికీ ఎక్కువగా కనిపించేది మోటారు. గుద్దుకున్న కారును గ్యారేజీలో చూసి, మెకానిక్ ఇచ్చిన ఎస్టిమేటులో ఏది ఈ ప్రమాదం వల్ల వచ్చిందో, ఏది పాత సొట్టో విడదియ్యాలి. కొత్త భాగం వేసినప్పుడు పాతదాని అరుగుదల తగ్గించాలి. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్యాటరీలకు 50 శాతం. ఫైబర్‌గ్లాసుకు 30 శాతం. అద్దాలకు ఏమీ తగ్గించరు. లోహపు భాగాలకు బండి వయసును బట్టి ఉంటుంది. ఆరు నెలల లోపైతే సున్నా, అయిదు నుంచి పదేళ్ళ మధ్య 40 శాతం, పదేళ్ళు దాటితే 50 శాతం. ఈ అరుగుదల లేకుండా పాలసీ కావాలంటే అదనపు ప్రీమియం కట్టుకోవాలి. రిపేరు ఖర్చు బండికి వేసిన బీమా విలువలో 75 శాతం దాటితే ఇక బాగుచెయ్యరు, మొత్తం పోయినట్టే లెక్క.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలన్నీ మునిగాయి. అలాంటి వరదల్లో కార్ల క్లెయిములు చూస్తే ఒక విషయం పదేపదే ఎదురవుతుంది. నీళ్ళు తీసాక ఆత్రంకొద్దీ తాళంచెవి తిప్పి బండి స్టార్టు చేస్తారు. ఇంజనులోకి పోయిన నీళ్ళు నొక్కుకుపోవు కాబట్టి లోపలి కనెక్టింగు రాడ్లు వంగిపోతాయి. నీట మునిగిన నష్టం వేరు, స్టార్టు చెయ్యడం వల్ల వచ్చిన నష్టం వేరని కంపెనీలు అంటాయి. ఇంజను రక్షణ కవరు విడిగా తీసుకున్నవాళ్ళు ఒడ్డున పడతారు. నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో సీట్ల మీది మరక చెబుతుంది. ఎయిర్ ఫిల్టరులో బురద ఇంకొంత చెబుతుంది. ఈ రెండూ చూడనివాడు మోటారు సర్వేయరు కాలేడు.

పత్తి సంగతి వేరు. ఫైరు పాలసీ నిప్పు వల్ల వచ్చిన నష్టానికి గాని, సరుకు దానంతటదే మాగి, వేడెక్కి, రాజుకున్నందువల్ల ఆ సరుకుకే వచ్చిన నష్టానికి మామూలుగా వర్తించదు. దానికి అదనపు కవరు ఉండాలి. కాబట్టి కాలిన బేలును కోయించి, లోపలి నుంచి బయటికి కాలిందా, బయటి నుంచి లోపలికి కాలిందా చూడాలి. కోట్ల రూపాయల తేడా ఆ కోతలో ఉంటుంది.

విశాఖ, కాకినాడ రేవుల్లో మెరైన్ సర్వే ఉంటుంది. సరుకు తడిసిందని తెలిస్తే రేవు దాటించక ముందే సర్వేయరును పిలవాలి. ఓడవాళ్ళకు నోటీసు ఇప్పించాలి. ఎందుకంటే క్లెయిము చెల్లించాక ఓడవాళ్ళ మీద దావా వేసే హక్కు కంపెనీకి సంక్రమిస్తుంది. ఆ హక్కునే సబ్రొగేషన్ అంటారు. నోటీసు ఇవ్వకపోతే ఆ హక్కు నీరుగారిపోతుంది.

చేయి పెట్టి చూడమన్న హమాలీ

నా మొదటి రోజుల్లో ఒక తుఫాను తరవాత రోజుకు ఏడెనిమిది చోట్లకు తిరిగేవాణ్ణి. ఒక రైసుమిల్లు గోడౌనులో మోకాలి లోతు నీళ్ళు వచ్చి తీసిపోయాయి. ధాన్యం బస్తాలు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. కింది రెండు వరసలు తడిశాయి, పైవి పొడిగా ఉన్నాయి. రెండు వరసలే నష్టమని రాసుకున్నాను. మిల్లు యజమాని, "తడి పైకి పాకుతుందండీ, వారం ఆగి చూడండి" అన్నాడు. ఎక్కువ రాబట్టుకోవడానికి అంటున్నాడనుకున్నాను. బయటికి వస్తుంటే ఒక ముసలి హమాలీ, "బాబూ, సందులో చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు. నేను గడియారం చూసుకుని వెళ్ళిపోయాను.

పది రోజుల తరవాత ఆ మిల్లు యజమాని మా సీనియరు గారి దగ్గరికి ఒక చిన్న గుడ్డసంచి తెచ్చి బల్ల మీద పోశాడు. మొలకెత్తిన వడ్లు. మూడో వరసవీ, నాలుగో వరసవీ. దొంతర మధ్యలో ఆవిరి పట్టి లోపల్లోపలే మాగిపోయాయి. సీనియరు గారు నన్ను తిట్టలేదు. "వెళ్ళి బస్తా బస్తా దింపించి రా" అన్నారు. వెళ్ళాను. ఆ హమాలీయే దింపాడు. నా మొదటి అంకెకు రెండింతలు తేలింది. తప్పు నాదేనని ఒప్పుకుంటూ రెండో రిపోర్టు రాశాను. ఈ లోపల ఆలస్యమైన రోజులకు బ్యాంకు వడ్డీ మిల్లు యజమానే కట్టుకున్నాడు. దాన్ని ఏ రిపోర్టూ తిరిగి తేలేదు.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు పడింది. నష్టపోయినవాడు చెప్పింది నమ్మాలని లేదు, నమ్మకూడదనీ లేదు. చెయ్యి పెట్టి చూడాలి.

ఒక్క మాట తేడా

మన దగ్గర జనం జరిగింది తెలుగులో చెబుతారు, రిపోర్టు ఇంగ్లీషులో పోతుంది. "అంటుకుంది" అంటే ఒకటి, "అంటించారు" అంటే ఇంకొకటి. "తాళం వేసే ఉందిగాని కొక్కెం ఊడివచ్చింది" అన్న మాటలో దొంగతనం పాలసీ ప్రాణమంతా ఉంది. బలవంతంగా లోపలికి వచ్చిన గుర్తు లేకపోతే ఆ పాలసీ సాధారణంగా పలకదు. కాబట్టి వాఙ్మూలం మనిషి చెప్పిన మాటల్లోనే రాసుకుని, చదివి వినిపించి, సంతకం చేయించుకోవాలి. తెలుగు బాగా రావడం కూడా ఈ వృత్తిలో ఒక అర్హతేనని నా అభిప్రాయం. మా జిల్లా మాట, మీ జిల్లా మాట ఒకటి కాదు. అడిగి తెలుసుకోవడానికి సిగ్గుపడకూడదు.

రెండు వైపుల నుంచీ లాగుతారు

ఈ వృత్తిలో ప్రలోభాలు ఉంటాయి, దాచిపెట్టి ప్రయోజనం లేదు. కొందరు కవరులో పెట్టి ఇవ్వబోతారు. అది గుర్తుపట్టడం తేలిక, కాదనడమూ తేలికే. రెండో రకమే కష్టం. పని ఇచ్చేది కంపెనీ కదా, కాస్త తగ్గించి రాస్తే రేపు ఇంకో నాలుగు ఫైళ్ళు వస్తాయన్న ఆశ ఎవరూ నోరు విప్పకుండానే మనసులో పుడుతుంది. ఎక్కువ రాస్తే కంపెనీలోని పాలసీదార్లందరి సొమ్మూ పోతుంది. తక్కువ రాస్తే ఒక కుటుంబం కూలిపోతుంది. ఎటు ఒరిగినా దొంగతనమే.

సర్వేయరు రిపోర్టే ఆఖరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. తగిన కారణం చూపితే దాన్ని కాదనవచ్చు. అదే ఏడాది శ్రీ వెంకటేశ్వర సిండికేట్ కేసులో, తనకు అనుకూలమైన రిపోర్టు వచ్చేదాకా కంపెనీ ఒకరి తరవాత ఒకరిగా సర్వేయర్లను మారుస్తూ పోకూడదని కూడా చెప్పింది. అంటే కారణాలతో రాసిన రిపోర్టుకు బలం ఉంటుంది, కారణాల్లేని అంకెకు ఉండదు. న్యాయం జరగలేదనుకున్న పాలసీదారు వినియోగదారుల కమిషనుకు పోవచ్చు. ఫీజు లేకుండా ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ దగ్గరికీ పోవచ్చు. హైదరాబాదులో ఆ కార్యాలయం ఉంది. 2023 నుంచి 50 లక్షల దాకా తీర్పు ఇచ్చే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉంది. మీరివాళ రాసిన రిపోర్టును అయిదేళ్ళ తరవాత ఒక జడ్జిగారు చదువుతారన్న భయంతోనే రాయాలి.

ఈ దారిలోకి ఎలా రావాలి?

ఇంజనీరింగు డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవాళ్ళకు మోటారు, ఇంజనీరింగు శాఖలు దగ్గరగా ఉంటాయి. చార్టర్డు అకౌంటెంట్లకు, కాస్ట్ అకౌంటెంట్లకు లాస్ ఆఫ్ ప్రాఫిట్ వంటివి అనువు. వ్యవసాయ శాస్త్రం చదివినవాళ్ళకు పంటల బీమా ఉంది. ఇన్సూరెన్సులోనే డిగ్రీ, డిప్లొమా చేసినవాళ్ళకూ అవకాశం ఉంది. 1955లో మొదలైన ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా లైసెన్షియేటు, అసోసియేటు, ఫెలో అని మూడు మెట్ల పరీక్షలు జరుపుతుంది. మామూలు బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. వాళ్ళు వీటిని డిగ్రీతో పాటే మొదలుపెట్టవచ్చు.

అర్హత ఉన్నాక ముందుగా ఐ.ఐ.ఐ.ఎస్.ఎల్.ఎ.లో విద్యార్థి సభ్యులుగా చేరాలి. అనుభవమున్న సర్వేయరు దగ్గర సాధారణంగా ఒక ఏడాది శిక్షణ పొందాలి. సర్వేయరు పరీక్ష ప్యాసవ్వాలి. తరవాత ఐ.ఆర్.డి.ఎ.ఐ.కి దరఖాస్తు. అక్కడా లైసెన్షియేటు, అసోసియేటు, ఫెలో అనే మెట్లే. మెట్టు పెరిగేకొద్దీ పెద్ద నష్టాలు చూడనిస్తారు. నియమాలు మధ్య మధ్య మారుతుంటాయి కాబట్టి చేరేముందు ఆ ఏటి నిబంధనలు ఒకసారి చదువుకోండి.

శిక్షణకు ఎవరి దగ్గర చేరుతున్నారన్నది అన్నిటికంటే ముఖ్యం. ఎక్కువ పని ఉన్న సర్వేయరు కంటే, తన పాత రిపోర్టులు మీ చేత చదివించే సర్వేయరు మేలు.

స్వతంత్ర వృత్తి వద్దనుకునేవాళ్ళకు కంపెనీ లోపల క్లెయిముల విభాగం ఉంది. ప్రభుత్వ కంపెనీలు పోటీ పరీక్ష పెట్టి అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్లను తీసుకుంటాయి. అక్కడి నుంచి అసిస్టెంటు మేనేజరు, డిప్యూటీ మేనేజరు, మేనేజరు, చీఫ్ మేనేజరు మెట్లు ఎక్కవచ్చు. క్లెయిముల మేనేజరు సర్వేయరు రిపోర్టు మీద నిర్ణయం తీసుకుంటాడు. ఇంకా తేలని క్లెయిములకు ఎంత డబ్బు పక్కన పెట్టాలో అంచనా కడతాడు. రోడ్డు ప్రమాదాల్లో గాయపడినవాళ్ళు ట్రిబ్యునల్లో వేసే కేసులు నడిపిస్తాడు. కాదని ఉత్తరం రాయవలసి వస్తే ఏ షరతు ప్రకారం కాదంటున్నాడో విడమరచి రాయాలి. ఆరోగ్య బీమా క్లెయిములు చూసే టి.పి.ఏ. సంస్థల్లో వైద్యం, ఫార్మసీ చదివినవాళ్ళకు పని దొరుకుతుంది. జీవిత బీమాలో చూసేది ముఖ్యంగా ప్రతిపాదన పత్రంలో నిజం చెప్పారా లేదా అని. 2015 సవరణ తరవాత మూడేళ్ళు నిండిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి వీల్లేదు.

విదేశాలకు వెళ్ళదలచినవాళ్ళు లండనులోని చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లాస్ అడ్జస్టర్స్ పరీక్షల గురించి తెలుసుకోవాలి. ఆ సంస్థకు 1961లో రాయల్ చార్టరు వచ్చింది. అమెరికాలో అయితే చాలా రాష్ట్రాలు వేటికవే లైసెన్సు ఇస్తాయి.

కష్టసుఖాలు

మొదటి మూడు నాలుగేళ్ళు ఆదాయం అంతంత మాత్రం. ఫీజు వచ్చేసరికి నెలలు పడుతుంది. పండగ పూటా, అర్ధరాత్రీ ఫోను వస్తుంది. ఎండలో కాలిన రేకుల మీద నడవాలి. అమ్మాయిలకు ఇది పనికిరాదని కొందరంటారు. మసిలో మోకాళ్ళ మీద కూర్చుని మీటరు బోర్డు పరీక్షించిన అమ్మాయిలను నేనెరుగుదును. ఆ మాట పట్టించుకోకండి.

ఫోటో పంపితే చిన్న చిన్న కారు దెబ్బలకు యంత్రమే లెక్క కట్టే రోజులు వచ్చాయి. ముందు ముందు సర్వేయర్లు ఎందుకని అడుగుతున్నారు. సొట్టపడిన బంపరుకు యంత్రం చాలు. తడి మూడో వరసకు పాకిందా లేదా అన్నది ఫోటోలో కనపడదు.

చదువుకునే రోజుల్లోనే మీరు మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. మీ ఇంట్లో ఉన్న బీమా పాలసీ తీసి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. ఏ ఆపదలకు వర్తిస్తుందో, వేటికి వర్తించదో, ఎంత విలువకు చేశారో ఒక కాగితం మీద రాయండి. తరవాత మీ వీధి చివర కొట్టతనికి కూడా అదే చదివి పెట్టండి. అతని సరుకు 20 లక్షలదై, బీమా 12 లక్షలకే ఉంటే ఇవాళే చెప్పండి. అంటుకున్న తరవాత నాలాంటివాడు వచ్చి చెప్పేదానికంటే, అది వందరెట్లు ఉపకారం.